గిన్నె నిండుగానే ఉంది, తిండే లేదు

ప్రశ్న: మేడమ్, మాది పల్నాడు జిల్లాలో ఒక ఊరు. మా పాపకు తొమ్మిది నెలలు నిండాయి. పుట్టినప్పుడు 2.7 కిలోలు, ఆరు నెలలు నిండేసరికి 6.1 కిలోలు ఉంది. మొన్న అంగన్‌వాడీలో తూకం వేస్తే 6.3 మాత్రమే వచ్చింది. టీచరు కార్డులో చుక్క పెట్టి ‘పసుపులోకి పోయిందమ్మా’ అన్నారు, అంటే వయసుకు ఉండాల్సినంత బరువు లేదట. జబ్బకు టేపు చుట్టి 12.2 సెంటీమీటర్లని రాశారు. నేను ప్రైవేటు స్కూల్లో పనిచేస్తాను. పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్తే సాయంత్రం నాలుగున్నరకు వస్తాను. అప్పటిదాకా పాపను మా అత్తయ్య చూసుకుంటారు. పొద్దున పాలల్లో రెండు బిస్కెట్లు నానబెట్టి పెడతారు. పదకొండింటికి గ్లాసుడు రాగిజావ సీసాలో పోసి, పీక కన్నం కాస్త పెద్దది చేసి తాగిస్తారు. మధ్యాహ్నం పప్పుకట్టులో రెండు చెంచాల అన్నం మెదిపి పెడతారు. సాయంత్రం ఆవుపాలలో సగం నీళ్లు కలిపి పడతారు. అలా కలపకపోతే అరగదంటారు. గుడ్డు పెడదామంటే ‘మాటలు రాకముందు గుడ్డు పెడితే నాలుక మందమవుతుంది’ అంటారు. పోయిన నెల ఐదు రోజులు విరేచనాలైతే సగ్గుబియ్యం నీళ్లు తప్ప ఏమీ పెట్టలేదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని బావగారి పిల్లలు లడ్డూలు చేసుకుని తినేస్తారు. నా పాలలో సత్తువ లేదేమోనని అందరూ అంటున్నారు. మా ఆయన డబ్బా ఆహారం కొందామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, ముందు మీ పాల సంగతి. మీ పాలలో సత్తువకేం లోటు లేదు. తల్లిపాలు వంద మిల్లీలీటర్లకు 65 నుంచి 70 కేలరీలు ఇస్తాయి. తల్లి సన్నగా ఉన్నా, ఉద్యోగానికి వెళ్లొచ్చి అలసిపోయినా ఈ లెక్క పెద్దగా మారదు. ఏడాది లోపు బిడ్డకు కావలసిన శక్తిలో సగమో, అంతకంటే ఎక్కువో ఇప్పటికీ తల్లిపాల నుంచే వస్తుంది. చిక్కల్లా మిగతా సగం దగ్గరే. ఆ సగం మీ ఇంట్లో నీళ్లైపోయింది.

మీరు రాసిన నాలుగు పూటల తిండినీ నేను కాగితం మీద లెక్క వేశాను. గ్లాసు జావలో వేసేది చెంచాడు పిండి. అంటే ఐదు గ్రాములు, పదహారు కేలరీలు. బెల్లం ముక్క వేస్తే ముప్ఫై ఐదు. పప్పుకట్టూ, రెండు చెంచాల అన్నమూ కలిపి అరవై పైచిలుకు. బిస్కెట్లు, నీళ్లపాలు కలిపి నూట పదిహేను. మొత్తం 200 కాస్త దాటుతుంది. తల్లిపాలు తాగుతున్న తొమ్మిది నెలల బిడ్డకు పైతిండి నుంచి రోజుకు సుమారు 300 కేలరీలు కావాలి. మీ పాప వెనకబడింది కాబట్టి ఇంకాస్త ఎక్కువే కావాలి. వచ్చే ఆ రెండొందల్లోనూ సగానికి పైగా బిస్కెట్లు, నీళ్లపాల నుంచే వస్తోంది. ఐరన్ దాదాపు లేనట్టే.

ఇక్కడ పొట్ట లెక్క కూడా చూడాలి. పసిబిడ్డ పొట్టలో ఒక్క విడతకు కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. మీ పాప 6.3 కిలోలు కాబట్టి 190 మిల్లీలీటర్లు, అంటే చిన్న గ్లాసుడు. ఆ గ్లాసుడు పొట్టను పదకొండింటికి జావతో నింపేస్తున్నారు. ముప్ఫై ఐదు కేలరీలకే పాప కడుపు నిండిపోయి, ముఖం తిప్పుకుంటుంది. అదే చోటు మీ పాలతో నిండితే 125 కేలరీలు వచ్చేవి. ‘బలానికి’ పట్టిన జావ మీ పాలకంటే మూడు నాలుగు రెట్లు పల్చనన్నమాట. అత్తయ్య గిన్నె నిండా పెడుతున్నారు, పాప తాగుతోంది, తేన్చుతోంది, నిద్రపోతోంది. ఆవిడ కళ్లకు లోటేమీ కనిపించదు. తూకం రాయి మాత్రం కదలట్లేదు.

నేనూ ఇది చేసినదాన్నే. పోషకాహారం చదువుకుని, పట్టా పుచ్చుకుని, మా పెద్దాడికి ఏడో నెల నుంచి పప్పుకట్టు పట్టాను. పప్పులోని సారమంతా పైకి తేలే తేటలోకి దిగుతుందని మా అమ్మ నమ్మకం. నా నమ్మకం కూడా అదే అయి కూర్చుంది. సారమంతా గిన్నె అడుగున ముద్దలోనే ఉంటుంది. ఆ ముద్దను మేం పెద్దవాళ్లం నెయ్యేసుకుని తిన్నాం, వాడికి తేట పోశాం.

కాబట్టి రేపటి నుంచి ఒకటే కొలత పెట్టుకోండి. చెంచాతో తీసి పక్కకు వంచితే తిండి జారి పడిపోకూడదు. చెంచాను అంటిపెట్టుకుని ఉండాలి. జారిందంటే నీళ్లెక్కువైనట్టు.

మధ్యాహ్నం గిన్నె ఇలా చేయించండి. 25 గ్రాముల బియ్యం, అందులో సగం పెసరపప్పు. ఇంట్లో కొలవాలంటే గుప్పెడు బియ్యానికి అరగుప్పెడు పప్పు. రెండూ కలిపి కుక్కర్లో మామూలుగా కంటే ఒక కూత ఎక్కువ రానివ్వండి. క్యారెట్ ముక్కో, గుమ్మడికాయ ముక్కో, గుప్పెడు తోటకూరో అందులోనే పడేయండి. దించాక మెత్తగా మెదపండి, మిక్సీ వద్దు. మిక్సీ పట్టడమంటే మళ్లీ నీళ్లు పోయడమే. తొమ్మిది నెలల పిల్లకు చిన్న చిన్న పలుకులు తగలాలి కూడా, చిగుళ్లతో నమలడం అప్పుడే వస్తుంది. పైన చెంచాడు నెయ్యి. ఆ ఒక్క చెంచా నెయ్యే 40 కేలరీలు, చోటు మాత్రం తీసుకోదు. ఇదంతా అరకప్పు కంటే కాస్త ఎక్కువవుతుంది, 170 కేలరీల దాకా వస్తుంది. గ్లాసు జావ నాలుగు తాగినా రానిది ఒక్క చిన్న గిన్నెలో వచ్చిందా! ఈ గిన్నె మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి.

రాగిజావ మానేయమనను. రాగి మంచి ధాన్యం. మన ఇళ్లలో దాన్ని చిక్కగా కాస్తే గడ్డ కట్టి పిల్లల గొంతు దిగదని పల్చగా కాస్తారు. దీనికో ఉపాయం ఉంది, ఒకసారి చేసి చూస్తే మీ అత్తయ్య కూడా ముచ్చట పడతారు. రాగులు రాత్రంతా నానబెట్టి, పొద్దున వంచి, తడిగుడ్డలో మూట కట్టి ఒకటి రెండు రోజులుంచండి. తెల్లగా మొలక వస్తుంది. ఎండలో ఆరబెట్టి, బాణలిలో వేడి తగిలీ తగలనట్టు వేయించి, చేత్తో నలిపి మొలకలు రాల్చి, పిండి పట్టించండి. ఈ పిండిని విడిగా చిన్న సీసాలో ఉంచుకోండి. మామూలు రాగిపిండితో సంగటికి కాస్త తక్కువ అన్నంత గట్టిగా కాచి, పొయ్యి దించి, పొగ తగ్గాక ఈ మొలకపిండి ఒక చెంచా చల్లి కలపండి. రెండు మూడు నిమిషాల్లో మీ కళ్లముందే గట్టి ముద్ద జారుగా మారుతుంది. నీళ్లు చుక్క పోయలేదు, పిండి అంతా అక్కడే ఉంది. మొలకలో పుట్టిన అమైలేజ్ అనే ఎంజైము గంజిలోని పిండిపదార్థాన్ని తెగ్గొట్టింది, అంతే. మళ్లీ పొయ్యి మీద ఒక్క పొంగు రానిచ్చి, చల్లార్చి చెంచాతో పెట్టండి. బజార్లో రాగిమాల్ట్ పేరుతో అమ్మేవన్నీ మొలకెత్తించినవి కావు, కొన్నిట్లో చక్కెరే ముందుంటుంది. పొట్లం వెనకాల చదివి కొనండి, లేదా ఇంట్లోనే చేసుకోండి.

ఆ పాలసీసాను మాత్రం ఇవాళే పారేయండి. ఇందులో నేను మెత్తబడను. పీక లోపల అంటుకున్న జావ ఎంత కడిగినా పోదు. పోయిన నెల విరేచనాలకు అది కారణమై ఉండొచ్చు. కన్నం పెద్దది చేయడం ఇంకో ప్రమాదం, ధార గొంతుకు అడ్డం పడుతుంది. మీ అత్తయ్య పెట్టెలో పాత వెండి ఉగ్గుగిన్నె ఉందేమో అడగండి. లేకపోతే చిన్న స్టీలు గ్లాసు చాలు. ఉగ్గు పెట్టడం అంటే మన పెద్దవాళ్లకు బియ్యం, పప్పు వేయించి, విసిరి, వండి, మెత్తగా తినిపించడం. సీసా సంగతి వాళ్లకు తెలియదు. అత్తయ్యతో వాదన పెట్టుకోకుండా ‘మీ చిన్నప్పుడు ఉగ్గు ఎలా చేసేవాళ్లు అత్తయ్యా?’ అని అడిగి చూడండి. సగం పని అక్కడే అవుతుంది.

గుడ్డు సంగతి. గుడ్డుకూ మాటలకూ సంబంధమే లేదు. ఆరు నెలలు నిండిన పిల్లలకు గుడ్డు, చేప, మాంసం రోజూ ఏదో ఒకటి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పచ్చసొన ఒక్కటే పెట్టి తెల్లసొన ఏడాదిదాకా ఆపాలన్న పాత మాట కూడా ఇప్పుడు లేదు. బాగా ఉడికిన గుడ్డులో మొదటిరోజు పావు చెంచా పెట్టండి. ఒంటి మీద దద్దుర్లు, వాంతులు లేకపోతే మూడు నాలుగు రోజుల్లో సగం గుడ్డుకు, తర్వాత గుడ్డంతటికీ రావచ్చు. మీ ఇంట్లో మాంసం వండితే కోడి కాలేయం బొటనవేలంత ముక్క బాగా ఉడికించి, అన్నంలో నలిపి వారానికి రెండుసార్లు పెట్టండి. ఐరన్‌కు దాన్ని మించింది లేదు. ఆకుకూరలోనూ పప్పులోనూ ఐరన్ ఉంటుంది కానీ ఒంటికి తక్కువ పడుతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే కాస్త మెరుగు.

ఐరన్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. తల్లి కడుపులో బిడ్డ దాచుకున్న ఐరన్ ఆరో నెలకు అయిపోవస్తుంది. పాలలో, అది మీ పాలైనా ఆవుపాలైనా, ఐరన్ చాలా తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. అదే సర్వేలో ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో సరిపడా తిండి, సరిపడా రకాలు, సరిపడా సార్లు అందుతున్నవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి పదిమంది కూడా లేరు. ఇది మీ ఒక్క ఇంటి కథ కాదని చెప్పడానికే ఈ అంకెలు. ఆశా కార్యకర్త ఐరన్ సిరప్ ఇస్తే వారానికి రెండుసార్లు, సారికి ఒక మిల్లీలీటరు, మర్చిపోకుండా వేయండి. తొమ్మిదో నెల టీకాతోపాటు విటమిన్ ఎ చుక్కలు పడ్డాయో లేదో కార్డులో చూసుకోండి.

ఆవుపాలు సగం నీళ్లతో అంటే సగం బలం. ఏడాది నిండేదాకా ఆవుపాలను తాగే పాలుగా పెట్టుకోవద్దు. జావలోనో, పాయసంగానో వంటలో కలిస్తే ఫరవాలేదు. మీరు స్కూలుకు వెళ్లేముందు కడుపునిండా పాలివ్వండి, రాగానే చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుని మళ్లీ ఇవ్వండి. రాత్రి అడిగినప్పుడల్లా ఇవ్వండి. వీలైతే పొద్దున పిండి, మూత ఉన్న స్టీలు గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. నాలుగు రోజులదాకా బాగుంటాయి. బయట పెడితే మామూలు వాతావరణంలో నాలుగు గంటలు, మన పల్నాడు ఎండల్లో ఆ లెక్క నమ్మకండి. తాగించేముందు గిన్నెను వేడినీళ్లలో ఉంచితే చాలు, పొయ్యి మీద కాచక్కర్లేదు.

బిస్కెట్ల మీద నాకు చిరాకు. మైదా, చక్కెర, నూనె తప్ప అందులో ఏముంది? ఒక్కసారి ఆ తీపి నాలుకకు తగిలితే పప్పన్నం ఎవరికి కావాలి? పొద్దున ఒక ఇడ్లీ పాలతోనో, పప్పుతోనో మెదిపి నెయ్యేసి పెట్టండి. ఏడాదిలోపు తేనె నాకించొద్దు, అందులో బొటులినమ్ అనే విషం పుట్టించే సూక్ష్మజీవి ఉండే ప్రమాదముంది. వేరుశెనగ పొడి చేసి కలపొచ్చు, గింజగా మాత్రం వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బాలామృతం విషయంలో మీ బావగారి పిల్లల మీద కోపం తెచ్చుకోకండి. లడ్డూ రుచి అలాంటిది! ఆ పొట్లంలో గోధుమ, శెనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. వంద గ్రాములకు 400 పైచిలుకు కేలరీలు. చక్కెర నాకు నచ్చని పాళ్లలోనే ఉంది. కానీ పసుపులో ఉన్న పిల్లకు ఇప్పుడు అది ఇంట్లోకి నడిచొచ్చిన మందు. పొట్లం రాగానే పాప పేరు రాసిన డబ్బాలో పోసి పెట్టండి. పూటకు రెండు మూడు పెద్ద చెంచాలు, కాచిన వేడినీళ్లతో ముద్దగా కలిపి పదకొండింటికి ఒకసారి, సాయంత్రం ఒకసారి. జావ చేయొద్దు, ముద్ద చేయండి. అది దొరకని నెలలో ఇంట్లో చేసుకునే మిశ్రమం ఒకటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించింది, హైదరాబాద్ మిక్స్ అంటారు. వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శెనగపప్పు 16, వేరుశెనగ 10, బెల్లం 20. పొడి చేస్తే 86 గ్రాములు, 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. మీ ఆయన కొందామంటున్న డబ్బా ధర ఎంతో, ఈ నాలుగు సరుకుల ధర ఎంతో ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. పసిపిల్లల డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు, 2003లో దాన్ని ఇంకా బిగించి రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారాన్నీ అందులో చేర్చారు. ఊరికే చేశారా?

తినిపించే తీరు గురించి కూడా ఒక మాట. నల్గొండ జిల్లాలో 60 ఊళ్లలో ఇదే పోషకాహార సంస్థ వాళ్లు 600 మంది తల్లీబిడ్డలతో ఒక అధ్యయనం చేశారు. బిడ్డ మూడో నెల నుంచి పదిహేనో నెలదాకా కార్యకర్తలు ఇంటికెళ్లి మాట్లాడారు. కొన్ని ఊళ్లలో ఏం పెట్టాలో చెప్పారు. మరికొన్ని ఊళ్లలో దానితోపాటు బిడ్డ సైగలు ఎలా గమనించాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. సలహాలు అందిన ఇళ్లలో పిల్లల తిండి మెరుగుపడింది. ఆటా మాటా కూడా చేర్చిన ఊళ్లలో పిల్లల మానసిక వికాసం బాగుందని తేలింది. అందుకే ఫోను పక్కన పెట్టి, పాపను ఎదురుగా కూచోబెట్టుకుని, ‘ఆఁ’ అని మీరే నోరు తెరిచి చూపించి పెట్టండి. పాపకు వేరే గిన్నె ఉండాలి, మీ కంచంలోంచి పెడితే ఎంత తిన్నదో తెలియదు. కొత్త రుచిని ఉమ్మేస్తే నచ్చలేదనుకోకండి, ఎనిమిది పది సార్లు పెట్టాక అలవాటవుతుంది. ముక్కు మూసి మింగించడం మాత్రం ఎవరు చేసినా ఆపండి. ఇంటి కూరలోంచే కారం, ఉప్పు వేయకముందు పాప వాటా తీసేస్తే వేరే వంట శ్రమ కూడా ఉండదు.

ఇక విరేచనాలప్పుడు సగ్గుబియ్యం నీళ్లు. ‘లంఖణం పరమౌషధం’ పెద్దవాళ్ల సామెత. తొమ్మిది నెలల పిల్లకు ఐదు రోజుల లంఖణం అంటే నెల రోజుల బరువు పోయినట్టే. ఈసారి అలా అయితే తల్లిపాలు ఎక్కువసార్లు, ఓఆర్‌ఎస్ చెంచాతో, జింక్ బిళ్ల 20 మిల్లీగ్రాములది రోజుకొకటి పద్నాలుగు రోజులు, తిండి కొంచెం కొంచెంగా ఆపకుండా. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా పెట్టండి.

ఇవన్నీ మొదలుపెడుతూనే ఈ వారంలో పాపను ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. మూడు నెలల్లో రెండొందల గ్రాములే పెరగడం చిన్న విషయం కాదు, ఆ వయసు ఆడపిల్లలు మామూలుగా 900 గ్రాముల దాకా పెరుగుతారు. తిండి తక్కువవడమే కారణమని నాకనిపిస్తోంది. అయినా మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఇంట్లో ఎవరికైనా టీబీ, రక్తం తక్కువవడం వంటివి లేవని తేల్చుకోవాలి. జబ్బ కొలత 12.5 లోపుంది కాబట్టి ఇది ఒక మోస్తరు లోపం. 11.5 లోపుకు దిగినా, రెండు పాదాలూ వాచి వేలితో నొక్కితే గుంట పడినా, పాప మందకొడిగా ఉండి ఏదీ తినకపోయినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తూకం మళ్లీ నెల నిండాక వేయించండి. అదే అంగన్‌వాడీ, అదే తూకం, గౌను విప్పి, పొద్దునే. రోజూ ఎత్తి చూసి ‘పెరిగిందా?’ అనుకుంటూ కూచోకండి, మతి పోతుంది. కనీసం పావుకిలో పెరగాలి. పెరిగితే ఇదే కొనసాగించండి. పెరగకపోతే నాకు రాయడం కంటే ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఈలోగా మీ అత్తయ్య మధ్యాహ్నం గిన్నెలో మళ్లీ నీళ్లు పోశారో లేదో సాయంత్రం ఇంటికి రాగానే అడగక్కర్లేదు, కడగని చెంచా చూస్తే తెలిసిపోతుంది.